క్యాంపింగ్ టాయిలెట్ కంపు కొట్టకూడదంటే ఏ రకం కొనాలి, అందులో ఏం వేయాలి?

మొదటిసారి పోర్టబుల్ టాయిలెట్ వేసుకుని బయల్దేరినప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇది. వ్యాన్‌ని ఎండలో మూడు గంటలు వదిలేసి వచ్చాను. అవసరం కొద్దీ గబగబా మూత ఎత్తి, కింది ట్యాంకు వాల్వ్‌ని ఒక్క గుంజు గుంజాను. టుస్సుమని గాలి తన్నుకొచ్చింది, దాంతోపాటు నీలిరంగు తుంపర్లు. చొక్కా పోయింది, ఆకలి పోయింది, చీకటి పడేదాకా ఇంటిల్లిపాదీ బయటే కూర్చున్నాం. మర్నాడు రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టి చూశాం. పూల సెంటు, టాయిలెట్ వాసన కలిస్తే మూడో వాసన ఒకటి పుడుతుంది. దానికంటే అసలుదే నయం.

ఆ తర్వాత టాయిలెట్ రకాలు మార్చాను, ట్యాంకులో వేసేవి మార్చాను, కొన్నిటికి ముక్కు మూసుకున్నాను, కొన్నిటితో హాయిగా పడుకున్నాను. కొత్తగా కొనేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ఏ కెమికల్ మంచిది? నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, నిండాక దీన్ని ఎక్కడ పారబోస్తారు? రెండోది, ఎంతమంది, ఎన్ని రాత్రులు? ఈ రెండూ తేలితే ఏ రకం కొనాలో తేలిపోతుంది, అందులో ఏం వేయాలో సగం తేలిపోతుంది. ఇవి వదిలేసి సీసాల వెంట పడితే నాలాగే చొక్కాలు పోతాయి.

అసలు వాసన ఎక్కడ పుడుతుంది

అప్పుడే పోసిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. అందులో 95 శాతం నీళ్లే. మిగిలిన దాంట్లో ముఖ్యమైనది యూరియా. దాన్ని యూరియేజ్ అనే ఎంజైమ్ విరగ్గొడితే అమోనియా వస్తుంది. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే బ్యాక్టీరియా మలంలో దండిగా ఉంటుంది. అంటే ఒంటికి వెళ్లింది, రెంటికి వెళ్లింది ఒకే ట్యాంకులో కలిసినప్పుడు అసలు కథ మొదలవుతుంది. విడిగా ఉంటే రెండూ కొంత బుద్ధిగానే ఉంటాయి.

తాజా మూత్రం పీహెచ్ (పులుపో క్షారమో చెప్పే కొలత, 7కి తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 6 దగ్గర ఉంటుంది. యూరియా విరిగేకొద్దీ అది 9 దాకా ఎక్కుతుంది. పీహెచ్ పెరిగినకొద్దీ నీళ్లలో కరిగి ఉన్న అమోనియా గాలిలోకి లేస్తుంది. కళ్లు మండించే ఆ ఘాటు ఇదే. దీన్ని గుర్తుపెట్టుకోండి, బూడిద గురించి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

రెండో వాసన కుళ్లిన గుడ్డుది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా దాన్ని పుట్టిస్తుంది. మన ముక్కు దీన్ని ఎంత తేలిగ్గా పట్టేస్తుందంటే, గాలిలో వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా తెలిసిపోతుంది. అందుకే ట్యాంకుని ఎంత కడిగినా మూలలో కాస్త మడ్డి మిగిలితే చాలు, పట్టుబడిపోతాం.

వీటికి తోడు ఎండ. పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాక్టీరియా పని దాదాపు రెట్టింపవుతుందని లెక్కేసుకోవచ్చు. చలి ప్రదేశంలో నాలుగు రోజులు నోరు మెదపని ట్యాంకు, మండుటెండలో రెండో రోజే గొడవ మొదలుపెడుతుంది. కాబట్టి ఎవరైనా "మాకు వారం రోజులు వాసనే రాలేదు" అంటే, ఏ వాతావరణంలో అని అడగండి.

బకెట్, సంచి, జెల్ పొడి

అన్నిటికంటే తేలికైన ఏర్పాటు ఇది. గట్టి బకెట్, దానిమీద బిగించే సీటు, లోపల మందపాటి సంచి, సంచిలో జెల్ పొడి. మడతపెట్టే స్టూల్ లాంటివి కూడా ఈ జాతిలోవే. పొడిలో ఉండేది ఎక్కువగా సోడియం పాలీఅక్రిలేట్, పిల్లల డైపర్లలో ఉండేదే. మంచినీళ్లయితే తన బరువుకి వందల రెట్లు పీల్చుకుంటుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కనుక అక్కడ దాని బలం కొన్ని పదుల రెట్లకు పడిపోతుంది. అందుకే ఒక చెంచా వేసి నలుగురి పని కానిచ్చేద్దామనుకుంటే కుదరదు. పొడి తక్కువైతే అడుగున నీళ్లు నీళ్లుగా మిగిలిపోయి, సంచి ఎత్తినప్పుడు తెలుస్తుంది.

దీనికి కడిగే బాధ లేదు, విరిగే వాల్వ్ లేదు. ఒకటి రెండు రాత్రులకి, ఇద్దరికి, ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదని నా అభిప్రాయం. కానీ జెల్ వాసనని చంపదు, కదలకుండా కట్టేస్తుంది, అంతే. వాడిన ప్రతిసారీ సంచి మూతి మెలిపెట్టి, సీటు మూత బిగించాలి. రాత్రికి ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, బిగుతుగా మూత పడే డబ్బాలో, నీడలో, పడుకునే చోటికి దూరంగా ఉంచాలి. గుడారంలో సంచి మూతి తెరిచి వదిలేసి "దీనికి పొడి వేశాం కదా" అంటే అది పొడి తప్పు కాదు.

దీని అసలు చిక్కు పారేయడంలోనే ఉంది. జెల్ కట్టిన సరుకుని టాయిలెట్‌లో పోస్తే పైపు మూసుకుపోతుంది. మట్టిలో పూడ్చడానికి లేదు. మూసిన సంచిని చెత్తగా తీసుకునే చోటు ఉండాలి, అక్కడ దానికి అనుమతీ ఉండాలి. మలంతో సహా చెత్తలో వేయడానికే తయారుచేసిన రెండు పొరల సంచులు వేరే దొరుకుతాయి. మామూలు కవర్లతో ఆ పని చేయకండి. మీరు వెళ్లే చోట చెత్త తీసుకోరు అంటే, ఆ సంచి తిరుగు ప్రయాణం మొత్తం మీతోనే ఉంటుంది. దానికి సిద్ధమైతేనే ఈ రకం.

రెండు ట్యాంకుల ఫ్లష్ టాయిలెట్

పోర్టా పొట్టి అనే బ్రాండ్ పేరే చాలామందికి ఈ రకానికంతటికీ పేరైపోయింది. మన చెవికి ఆ పేరు భలే నప్పుతుంది, ఎందుకంటే నిజంగానే పొట్టిగా ఉంటుంది. మోడల్‌ని బట్టి ఎత్తు సుమారు 30 నుంచి 45 సెంటీమీటర్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఎత్తుదే తీసుకోండి, వాసన సంగతి తర్వాత.

పైన ఫ్లష్ నీళ్ల ట్యాంకు, కింద మురికి ట్యాంకు, మధ్యలో పక్కకి జరిగే పలక వాల్వ్. ఆ పలక చుట్టూ రబ్బరు సీల్. మొత్తం ఇంజనీరింగ్ అంతా ఆ సీల్ మీదే నిలబడి ఉంటుంది. సీల్ బాగుంటే, వాడనప్పుడు పక్కన కూర్చుని భోజనం చేయొచ్చు. సీల్ ఎండిపోయినా, దానికింద పేపర్ ముక్క ఇరుక్కున్నా, ఎంత ఖరీదైన ద్రావణం పోసినా దండగే.

కొనేముందు చాలామంది వేయని లెక్క ఒకటుంది. మనిషికి రోజుకి సుమారు లీటరున్నర మూత్రం అనుకుందాం. ఇద్దరికి మూడు లీటర్లు. ఇద్దరూ కలిసి రోజుకి పదిసార్లు వెళ్తే, సారికి 300 మిల్లీలీటర్ల ఫ్లష్ అనుకున్నా ఇంకో మూడు లీటర్లు. అంటే రోజుకి ఆరు. 20 లీటర్ల ట్యాంకులో మొదట పోసే రెండు లీటర్లు తీసేస్తే మిగిలేది 18, అంటే సరిగ్గా మూడు రోజులు. నీళ్లతో కడుక్కునేవాళ్లయితే ఆ నీళ్లూ ఇందులోకే పోతాయి కాబట్టి రెండో రోజు నుంచే నిండిందేమోనని చూసుకోవాలి. పది లీటర్ల చిన్న ట్యాంకు అయితే రెండో రోజుకే అయిపోతుంది. ఇక 20 లీటర్లు నిండిందంటే బరువు 20 కిలోల పైమాటే. అది మోసుకుంటూ నడవాలి. ముప్పావు వంతు నిండగానే ఖాళీ చేయడం వీపుకీ మంచిది, ముక్కుకీ మంచిది.

ఖాళీ చేయడానికి మామూలు టాయిలెట్ గానీ, క్యాంపుల్లో దీనికోసమే కట్టిన పారబోత చోటు గానీ కావాలి. అది దాదాపు రోజూ దొరికే ప్రయాణమైతే, ముగ్గురు నలుగురున్న కుటుంబానికి నేను కళ్లు మూసుకుని ఈ రకమే చెప్తాను. నీళ్లు వాడే అలవాటున్నవాళ్లకి అసలు వేరే దారి లేదనే అంటాను, కారణం కింద వస్తుంది.

వ్యాన్‌లోనే బిగించి వచ్చే క్యాసెట్ టాయిలెట్ కూడా ఇదే సూత్రం. కాకపోతే ట్యాంకు బయటి తలుపులోంచి లాగొచ్చు, చిన్న ఫ్యాన్‌తో ట్యాంకులోని గాలిని బొగ్గు ఫిల్టర్ ద్వారా బయటికి పంపే ఏర్పాటు కలుపుకోవచ్చు. ఆ ఫిల్టర్ జీవితకాలం కాదు, మార్చాలి. మార్చకపోతే లోపలి వాసన బయటికి పోయి పక్క వ్యాన్ వాళ్లతో తగువు.

ఒంటిని, రెంటిని విడదీసేవి

సీటు కిందే ముందువైపు గరాటు లాంటి గుంట ఉంటుంది. మూత్రం దాంట్లోంచి ఒక డబ్బాలోకి పోతుంది. వెనక భాగం ఇంకో డబ్బాలోకి. వెనక డబ్బాలో కొబ్బరి పొట్టు లాంటి పొడి సరుకు. కెమికల్ లేదు, ఫ్లష్ నీళ్లు లేవు. యూరియేజ్ గురించి పైన చెప్పిందంతా ఇక్కడ మనకి లాభం. పోట్లాడుకునే ఇద్దర్ని వేరే గదుల్లో కూర్చోబెట్టినట్టు.

బాగా నడిచినప్పుడు దీన్ని మించింది లేదు. వెనక డబ్బా మూత తీస్తే తడి మట్టి వాసన తప్ప ఇంకేం రాదు. మొదటిసారి నేను నమ్మలేదు, వంగి మరీ చూశాను. ఇద్దరికి నాలుగైదు రోజులు వెనక డబ్బాని ముట్టుకోనక్కర్లేదు. మూత్రం డబ్బా మాత్రం రోజూ ఖాళీ చేయాలి. ఈ రకంలో వాసన వచ్చిందంటే పదింట తొమ్మిదిసార్లు నేరం దానిదే.

ఇక చిక్కులు. మగవాళ్లు కూడా కూర్చునే వెళ్లాలి. ఇంట్లో మొదటి తగువు అక్కడే. చిన్నపిల్లలకి ముందూ వెనకా సరిగ్గా కుదరదు, ఒంటికి వెళ్లింది వెనక డబ్బాలో పడుతుంది, పొడిగా ఉండాల్సింది బురదవుతుంది. అన్నిటికంటే పెద్దది, ఇందులో కూర్చుని నీళ్లతో కడుక్కోలేం. కడిగిన నీళ్లు వెనక డబ్బాలోకి పోతే రెండో రోజుకి అది చిన్నపాటి మురికికాలువ. పేపర్‌తో తుడుచుకుని, తర్వాత పక్కకి జరిగి వేరే తొట్టిలో కడుక్కునే ఓపిక ఉంటే సరే. లేకపోతే ఎంత మెచ్చుకోళ్లు విన్నా దీని జోలికి పోకండి. నా స్నేహితుడొకడు సరదాపడి కొని, ఆర్నెల్లు తిరక్కుండానే అమ్మేశాడు. కారణం ఇదొక్కటే.

ఇంకో మాట. దీన్ని చాలామంది కంపోస్ట్ టాయిలెట్ అని పిలుస్తారు. నాలుగు రోజుల్లో ఏదీ కంపోస్ట్ కాదు, ఎండుతుంది అంతే. ఏలికపాముల గుడ్ల లాంటివి మట్టిలో ఏళ్లతరబడి బతికి ఉంటాయి. కాబట్టి ఆ డబ్బాలో ఉన్నది మొక్కలకి వేసే ఎరువని భ్రమపడి చెట్టు మొదట్లో బోర్లించకండి. కనీసం ఏడాదికి పైగా మాగబెట్టే చోటు ఉంటే తప్ప, దాన్ని గట్టి సంచిలో కట్టి, అలాంటి చెత్త తీసుకునే చోటే వేయాలి.

ట్యాంకులో ఏం పోయాలి: నీలం, ఆకుపచ్చ, ఇంకా కొన్ని

ఫ్లష్ రకం కొన్నవాళ్లకే ఈ భాగం. నీలిరంగు ద్రావణం బ్యాక్టీరియాని చంపి వాసన ఆపుతుంది. పాత తరం సీసాల్లో ఉన్నది ఫార్మాల్డిహైడ్. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. తర్వాత చాలా కంపెనీలు వేరే మందులకి మారాయి. అయినా పని అదే, చంపడం. మండే ఎండలో నిజంగా బాగా పనిచేసేది ఇదే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సెప్టిక్ ట్యాంకుల్లో కూడా బ్యాక్టీరియాయే మురికిని అరగదీస్తుంది. మీ నీలం నీళ్లు అక్కడ పోస్తే దాన్నీ చంపుతుంది. అందుకే సెప్టిక్ ట్యాంకు మీద నడిచే క్యాంపుల్లో నీలం వద్దంటారు. పారబోసే చోటు ఏదో ముందే తెలుసుకోమన్నది ఇందుకే.

ఆకుపచ్చ సీసాలు ఎక్కువగా సెప్టిక్ ట్యాంకుకి హాని చేయనివి. కొన్నిట్లో ఎంజైములు, కొన్నిట్లో మంచి బ్యాక్టీరియా ఉంటుంది. చల్లటి వాతావరణంలో, రెండు మూడు రోజులకోసారి ఖాళీ చేస్తే ఇది చాలు. విపరీతమైన ఎండలో మూడో రోజుకి చేతులెత్తేస్తుంది. రంగు చూసి నమ్మకండి, లేబుల్ చదవండి. ఆకుపచ్చ రంగు సీసాలన్నీ సాధువులేం కావు.

నైట్రేట్ ఆధారంగా పనిచేసే పొడులు, ద్రవాలు కూడా ఉన్నాయి. వీటి పద్ధతి నాకు ముచ్చటగా అనిపిస్తుంది. గాలి అందనప్పుడు బ్యాక్టీరియా మురికిలో ఉండే సల్ఫేట్ అనే గంధకపు లవణాన్ని పట్టుకుని కుళ్లిన గుడ్డు వాసన పుట్టిస్తుంది కదా. నైట్రేట్ అందిస్తే ముందు దాన్నే వాడుకుంటుంది, సల్ఫేట్ జోలికి పోదు. చంపడం లేదు, దారి మళ్లించడం. అయితే ఇది సల్ఫైడ్ వాసనకి మందు, అమోనియాకి కాదు.

ఎంజైములున్న లిక్విడ్ డిటర్జెంట్ పోసి కానిచ్చేసేవాళ్లు బోలెడుమంది. నేనూ పోశాను. ఒక రాత్రికి, రెండు రాత్రులకి పర్వాలేదు. నురుగు మాత్రం ఎక్కువ. ట్యాంకు ఊగినప్పుడల్లా పొంగి గాలి రంధ్రం దగ్గరికి వస్తుంది. ఎండాకాలం దూరప్రయాణానికి దీన్ని నమ్ముకోను.

పైన ఫ్లష్ ట్యాంకుకి గులాబీరంగు ద్రావణం వేరే అమ్ముతారు. అది గిన్నె జారుడుగా ఉండటానికి, ఫ్లష్ నీళ్లు పాచిపట్టకుండా ఉండటానికి. ఉంటే మంచిదే, లేకపోతే ప్రాణం పోదు. నాలుగైదు రోజులకోసారి ఆ నీళ్లు మార్చడం అంతకంటే ముఖ్యం. నిలవ నీళ్ల వాసనని జనం టాయిలెట్ వాసన అనుకుని కింది ట్యాంకులో మందు మీద మందు పోస్తుంటారు.

ఏది వాడినా ఖాళీ ట్యాంకులో ముందే రెండు లీటర్ల నీళ్లు పోసి, అందులో కలపండి. ఎండు అడుగు మీద మొదటి రెంటికి పడితే అది అక్కడే అంటుకుని మూడు రోజులు తిష్ఠ వేస్తుంది. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే. రెట్టింపు పోస్తే రెట్టింపు శుభ్రం కాదు, మందు వాసనకే తల దిమ్మెక్కుతుంది.

బ్లీచింగ్ ద్రావణం మాత్రం వద్దు. మూత్రంలోని అమోనియాతో కలిస్తే క్లోరమైన్ ఆవిర్లు, వెనిగర్ లాంటి పులుపుతో కలిస్తే క్లోరిన్ వాయువు. ఇరుకు వ్యాన్‌లో రెండూ ప్రమాదమే. రబ్బరు సీల్‌నీ కొరికేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

పొడి రకంలో ఏం చల్లాలి

విడదీసే రకంలో, బకెట్‌లో చల్లేవి కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, బూడిద. ఈ మూడిట్లో నా ఓటు కొబ్బరి పొట్టుకే. 650 గ్రాముల ఇటుక నీళ్లలో నానితే ఎనిమిది లీటర్ల పైనే అవుతుంది, అంటే మోసుకెళ్లే బరువు తక్కువ. నానబెట్టడంలోనే ఉంది కిటుకు. గుప్పిట్లో గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. కారిందంటే ఇంకో గుప్పెడు పొడిది కలపండి. వేడినీళ్లతో నానబెడితే అందులో ఉండే చిన్న దోమల్లాంటి పురుగుల గుడ్లు చాలావరకు చస్తాయి. గాలి గొట్టానికి సన్నటి జాలీ కూడా కట్టండి. పురుగులు ఒకసారి చేరాయంటే ఆ ప్రయాణం అయ్యేదాకా వదలవు.

రంపపు పొట్టు బకెట్ రకానికి బాగుంటుంది. రంగులు, రసాయనాలు పూయని చెక్కది అయ్యుండాలి. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది, అది వద్దు. మరీ సన్నటి పిండిలా ఉన్నది గాలికి లేచి కళ్లలో పడుతుంది.

బూడిద సంగతి తమాషా. మూత్రం కలవని మలం మీద చల్లితే తడి పీల్చి బాగా పనిచేస్తుంది. కానీ బూడిద క్షారం. మూత్రం కలిసిన దానిమీద చల్లారంటే పీహెచ్ ఒక్కసారిగా పెరిగి, లోపల ఉన్న అమోనియా అంతా పైకి లేస్తుంది. బకెట్ రకంలో నెగడు బూడిద వేసి కళ్లు మండించుకున్నవాళ్లని చూశాను. పొరపాటు బూడిదది కాదు, వేసిన చోటుది.

మూత్రం డబ్బాకి దీనికి సరిగ్గా ఎదురు వైద్యం. ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగున రెండు చెంచాల వెనిగర్ గానీ, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గానీ వేయండి. పులుపులో యూరియేజ్ నెమ్మదిస్తుంది, పుట్టిన అమోనియా కూడా గాలిలోకి లేవదు. గోడలకి పసుపుపచ్చగా, గరుగ్గా పట్టే గార కూడా తగ్గుతుంది. ఆ గారే తర్వాతి వారం వాసనకి విత్తనం. డబ్బా ఎంత కడిగినా వాసన పోవడం లేదంటే లోపల వేలు పెట్టి చూడండి, ఇసుక కాగితంలా తగిలితే అదే.

వంట సోడా, వెనిగర్ రెండూ కలిపి పోసి బుసబుస పొంగుతుంటే పనైపోతోందని మురిసిపోయేవాళ్లున్నారు. అవి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్లు. ఒకటి వాడండి, కడగండి, కావాలంటే తర్వాత రెండోది.

సీల్, వాల్వ్, ఖాళీ చేసే పద్ధతి

ఫ్లష్ రకం ఉన్నవాళ్లు సగం వాసన ఇక్కడే ఆపొచ్చు. ముందు ఒక పరీక్ష. వాల్వ్ మూసి గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి గంటసేపు వదిలేయండి. మట్టం తగ్గిందంటే సీల్ కారుతోంది. నీళ్లు దిగే సందులోంచి గాలి ఎక్కదా? ముందుగా పలక తీసి, సీల్ చుట్టూ తడిగుడ్డ చుట్టిన వేలితో తుడవండి. తొంభై పాళ్లు ఏదో పేపర్ పీలిక దొరుకుతుంది. తుడిచి ఆరాక బఠాణీ గింజంత సిలికాన్ గ్రీజు పలక రెండువైపులా రాయండి. పెట్రోలియం జెల్లీ రాయకండి, చాలా రకాల రబ్బరు దాంతో ఉబ్బుతుంది. వంటనూనె కొన్నాళ్లకి జిగురై దుమ్ముని పట్టుకుంటుంది. అప్పటికీ కారితే సీల్ మార్చడమే. కొత్త టాయిలెట్ కొనక్కర్లేదు, సీల్ విడిగా దొరుకుతుందా అన్నది మాత్రం టాయిలెట్ కొనేటప్పుడే కనుక్కోండి.

ఇక నా చొక్కా కథకి మందు. వేడికి గానీ, కొండ ఎక్కినప్పుడు గానీ ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి కూర్చోబోయేముందు సీటు మూత వేసే ఉంచి, వాల్వ్‌ని ఒక్క అంగుళం మెల్లగా తెరిచి మళ్లీ మూయండి. టుస్సుమన్నది ఏదో మూత కిందే అయిపోతుంది. తర్వాత కూర్చోవడానికి ముందు తెరవండి. రెండు సెకన్ల పని, అలవాటైతే చేయి దానంతటదే పోతుంది.

పేపర్ వాడేవాళ్లు తేలిగ్గా కరిగేదే వాడాలి. గాజుసీసాలో ముక్క వేసి నీళ్లు పోసి పదిసార్లు ఊపండి. ముద్దలా కాకుండా మబ్బులా విడిపోతే సరే. తడి వైప్స్ మాత్రం, కరుగుతాయని పెద్ద అక్షరాలతో రాసున్నా సరే, ట్యాంకులో వేయొద్దు. వాడిన వాటికి మూత ఉన్న చిన్న డబ్బా విడిగా పెట్టుకోండి. ఈ ఒక్క మార్పుతో మా ట్యాంకు ఖాళీ చేయడం సగం తేలికైంది.

పారబోసేటప్పుడు చేతికి గ్లవ్స్, కాళ్లకి తడిస్తే బాధపడని చెప్పులు. పోసే గొట్టం కిందికి వంచాక, గాలి బటన్ నొక్కి పట్టుకోండి. ముందే నొక్కితే బటన్ దగ్గరే చిమ్ముతుంది. నొక్కకపోతే గబుక్కు గబుక్కుమంటూ ఎగిరిపడుతుంది. అయ్యాక రెండు లీటర్ల చొప్పున మంచినీళ్లు పోసి, ఊపి, రెండు మూడుసార్లు తొలపండి. కాలువలో, వాగులో, చెట్ల పొదల్లో కెమికల్ కలిసింది పోయడం ఎప్పుడూ వద్దు. ఎవరూ చూడట్లేదు కదా అని పోసినవాళ్ల వల్లే మిగతావాళ్లకి ఆ చోట్లు మూసేస్తున్నారు.

మరి ఏది కొనాలి

ఒకటి రెండు రాత్రులు, ఇద్దరు, గుడారం, చెత్త తీసుకునే చోటు ఉంది: బకెట్, సంచి. ఇంకేం ఆలోచించకండి. పిల్లలున్న కుటుంబం, నీళ్ల వాడకం, దాదాపు రోజూ పారబోసే చోటు తగులుతుంది: ఫ్లష్ రకం, 20 లీటర్లది. పారబోసేది సెప్టిక్ ట్యాంకులోకైతే ఆకుపచ్చ, అలాంటి ఇబ్బంది లేని చోటైతే ఎండ రోజుల్లో నీలం. ఇద్దరే, పెద్దవాళ్లే, పేపర్‌కి ఇబ్బంది లేదు, వారాల తరబడి మారుమూలల్లో ఉంటారు, నీళ్లు దొరకవు: విడదీసే రకం. అర్ధరాత్రి అవసరానికి మాత్రమే వాడి, పగలు బయట ఉన్న టాయిలెట్లకి వెళ్లేవాళ్లకి పది లీటర్ల చిన్న ఫ్లష్ టాయిలెట్ చాలు. పెద్దది కొంటే అది నిండేదాకా ఆగాలనిపిస్తుంది, అలా ఆగినన్నాళ్లూ లోపల కుళ్లుతూనే ఉంటుంది. నా చూపులో కొత్తవాళ్లు చేసే ఖరీదైన పొరపాటు ఇదే.

మా ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి. పిల్లలతో వెళ్తే ఫ్లష్‌ది. నేనూ మా ఆవిడా మాత్రమే దూరం వెళ్తే విడదీసేది. ఒకదాంతోనే అన్నీ సరిపెట్టాలని చూసినన్నాళ్లూ ఏదో ఒకటి కంపు కొడుతూనే ఉండేది.

తిరుగు ప్రయాణంలో ఖాళీ ట్యాంకులో మూడో వంతు నీళ్లు, కాస్త డిటర్జెంట్ పోసి, వాల్వ్ బిగించి బండిలో పెడతాను. గతుకుల రోడ్డు అంతా దానికదే తోముకుంటుంది. ఇంటికొచ్చాక అది పారబోసి, గార కనబడితే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లు రాత్రంతా ఉంచుతాను. గీతలు పడే పీచుతో లోపల రుద్దను, ప్లాస్టిక్ మీద గీత పడితే అక్కడే మడ్డి గూడు కట్టుకుంటుంది. ఆఖరున రెండు ట్యాంకులూ పూర్తిగా ఆరబెట్టి, వాల్వ్ తెరిచే, మూత కింద చిన్న చెక్కముక్క పెట్టి నీడలో ఉంచుతాను. వాల్వ్ మూసి దాచిన ఏడాది సీల్ పలకకి అతుక్కుపోయి, లాగితే చిరిగింది.